బాపు కొలిచిన వానలు

మృగశిర కార్తె చొచ్చిన నాలుగో రోజు సాయంత్రం హన్మకొండలో మొదటి వాన పడ్డది. ముందు గాలిదుమారం లేచి పక్కింటి రేకులు దడదడలాడాయి, కరెంటు పోయింది. మా వాకిలంతా సిమెంటే గానీ గోడ వెంట మల్లెతీగ కోసం జానెడు మట్టి వదిలిపెట్టాం. ఆ జానెడు ఎర్రమట్టి మీద పది చినుకులు పడేసరికి వాసన ఇంట్లోకి వచ్చింది. చేతిలో పని వదిలేసి బయటికొచ్చి నిలబడ్డాను. "ఎంత పడ్డదో చూడు బిడ్డా" అని లోపలి నుంచి వినిపిస్తుందేమోనని ఒక్క క్షణం చెవి అటే పోయింది. ఆ మాట అనే మనిషి పోయి ఏడాది దాటింది.

పోయిన నెలలో బాపు సంవత్సరీకం అయినాక తమ్ముడూ నేనూ ఆయన ఇనుప సందూక తెరిచాం. పింఛను కాగితాలు, పహాణీ నకళ్లు, అమ్మ పెళ్లినాటి ఫోటో. అడుగున పాత ధోవతి ముక్కలో చుట్టిపెట్టిన గాజు గ్లాసు ఒకటి. అంచు పెచ్చు లేచింది. పక్కన సన్నని గీతలు, కింది నుంచి పైకి 20 దాకా అంకెలు.

"ఇదేంది అక్కా?" అన్నాడు తమ్ముడు. వాడు చిన్నోడు, వాడికి బుద్ధి తెలిసేసరికి బాపుకు ఆ పని లేదు. వాన కొలిచే గ్లాసురా అన్నాను. ఇంకేదో చెప్పబోతే గొంతు పట్టేసింది.

*

బాపు పరకాల తాలూకా ఆఫీసులో గుమాస్తా. అప్పటికి మండలాలు లేవు, అవి 1985లో వచ్చాయి. ఆఫీసు వెనక ఖాళీ జాగలో చుట్టూ ముళ్లతీగ, మధ్యన గచ్చు దిమ్మె, దాని మీద వానమాపకం. పైన గరాటు, లోపల సీసా, అంతే. వేపచెట్టు నీడ ఉండగా దాన్ని అంత దూరంగా ఎండలో ఎందుకు పెట్టారని అడిగితే, "చెట్టు తాగిన వాన మన లెక్కల రాదు బిడ్డా" అన్నాడు.

పొద్దున 8:30కి కొలవాలి. నిన్న 8:30 నుంచి ఇవ్వాళ 8:30 దాకా పడ్డదంతా ఇవ్వాళ్టి లెక్క. వానాకాలంలో నేను బడికి పోయే దారిలో ఆయనతో పోయేదాన్ని. చెప్పులు దిమ్మె దగ్గర విడిచి, గరాటు తీసి, సీసాలో నీళ్లు ఒక్క చుక్క కింద పడకుండా గ్లాసులోకి వంచేవాడు. గ్లాసును చేత్తో ఎత్తి చూసేవాడు కాదు. దిమ్మె మీద పెట్టి తానే మోకాళ్ల మీద కూర్చునేవాడు, కన్ను నీటి మట్టానికి సరిగ్గా వచ్చేదాకా. గాజు అంచుల వెంట నీళ్లు కొంచెం పైకి పాకి మధ్యలో గుంట పడుతాయి. చూడాల్సింది ఆ గుంట అడుగు. "అంచు చూస్తే ఎక్కువ రాస్తవు. నడిమిట్ల చూడు." ధోవతికి రెండు మోకాళ్ల దగ్గర తడిమట్టి మరకలు ఉండేవి, అవి ఉతికినా పోయేవి కావు. అమ్మ దానికి రోజూ కోపం చేసేది.

ఆఫీసు గేటు దాటకముందే రైతులు ఆపేవారు. "సారూ, ఎంత పడ్డది?" బాపు మిల్లీమీటర్లలో చెప్పేవాడు. వాళ్లు తలూపి, తమ లెక్క తాము చెప్పేవారు. వాళ్లది పదును లెక్క. చేలో గడ్డపారతో చిన్న గుంట తవ్వి, తడి ఎంత లోతుకు దిగిందో చేత్తో కొలిచేది. బెత్తెడు పదును, జానెడు పదును. జానెడు దిగితే విత్తనం పెట్టొచ్చు. బాపు ఆ రెండు లెక్కలనూ ఒక చిత్తు నోటుబుక్కులో పక్కపక్కన రాసుకునేవాడు. రిజిస్టరులో ఆ రెండోదానికి గడి లేదు.

ఒక లెక్క మాత్రం ఆయన అందరికీ చెప్పేవాడు. ఎకరం మీద ఒక్క సెంటీమీటరు వాన పడిందంటే 40 వేల లీటర్ల నీళ్లు. బిందెల్లో చెప్పమని అడిగిన ముసలాయనకు బిందెల్లోనే చెప్పాడు. ఆయన నోరు తెరిచి, "అన్ని నీళ్లు మా చెల్కల పడ్డయా? ఏడికి పొయినయి మరి?" అన్నాడు. ఆ ప్రశ్న నాతోనే ఉండిపోయింది. తరువాత సాంఘికశాస్త్రం టీచరునై ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పిన పాఠమంతా అందులోంచే పుట్టింది.

*

నేను సీసా పారబోసిన రోజు చెప్పాలి. బాపుకు జ్వరం, నన్నే గరాటు తీయమన్నాడు. తడి చేతిలోంచి సీసా జారి దిమ్మెకు తగిలింది. సగం నీళ్లు గచ్చు మీద. ఏడుపు మొదలుపెట్టి, "నాలుగు అని రాయి బాపూ, రాత్రి చిన్నగనే పడ్డది" అన్నాను.

ఆయన కొట్టలేదు. దిమ్మె మీద పారుతున్న నీళ్లను కొంచెంసేపు చూశాడు. రిజిస్టరులో ఆ రోజు గడిలో అంకె వేయకుండా "ఒలికినది" అని రాసి పొట్టి సంతకం చేశాడు. బడి దాకా నా చెయ్యి విడవలేదు.

*

మా నాయనమ్మ ఊరు పరకాలకు బండి దారిలో రెండు గంటలు. ఊరికి ఎగువన చెరువు. చెరువు కట్ట మీద మైసమ్మ, కట్ట కింద తూము, తూము దగ్గర నీరటి కాక. భుజాన పార, చేతిలో లాంతరు, రాత్రిళ్లు ఒక్కడే తిరుగుతుండేవాడు. ఏ మడికి ఎన్ని నీళ్లు అన్నది ఆయన చేతిలో ఉండేది. ఆయన మాటకు ఎదురుచెప్పిన పెద్ద రైతును కూడా నేను చూడలేదు.

ముసురు పట్టి నాలుగైదు రోజులు వదలకుంటే ఒక రాత్రి పడుకున్నచోటే వినిపించేది, దూరంగా ఒకటే హోరు. నాయనమ్మ లేచి కూర్చుని దండం పెట్టేది. "మత్తడి దుంకుతున్నది." అంటే చెరువు నిండి అలుగు పారుతున్నదని. తెల్లారేసరికి ఊరంతా కట్ట మీదే. పిల్లలం పాత చీర చెంగులు నలుగురం నాలుగు దిక్కులా పట్టుకొని మత్తడి కింద నిలబడితే చేపలు వాటంతట అవే వచ్చి పడేవి. మా మత్తడి నీళ్లు కింది ఊరి చెరువులోకి, వాళ్లది నిండితే ఆ కింది ఊరికి. గొలుసుకట్టు చెరువులంటే అవే. పాకాల, రామప్ప, లక్నవరం, ఘనపురం అని కాకతీయుల పెద్ద చెరువుల పేర్లు అందరం చెప్తాం గానీ, పేరు లేని ఊరి చెరువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకొని నిలబడితేనే ఆ పెద్దవాటికి అందం.

మా వైపు నేల కింద ఉన్నది రాయి. ఓరుగల్లు అన్న పేరే ఒంటి రాయి, ఏకశిల. 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు అది. పైన ఎర్రచెల్క మూరెడో రెండు మూరలో, ఆ కింద గట్టి బండ. నీళ్లు లోతుకు దిగవు, పల్లం చూసుకొని పారుతాయి. పారే నీటికి రెండు గుట్టల మధ్యన అడ్డంగా మట్టికట్ట వేస్తే చెరువు. ఎనిమిది వందల ఏళ్ల కింద ఈ నేలను చదివినవాళ్లెవరో, వాళ్లంత బాగా నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

*

బాపుకు ఉట్నూరు బదిలీ అయింది. అమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అడవి, గూడేలు, చలిజ్వరం, ఇవే అందరూ చెప్పిన మాటలు.

బస్సు ప్రయాణం నాకు ముక్కలుగా గుర్తుంది. కరీంనగర్, జగిత్యాల, ధర్మపురి. రాయపట్నం వంతెన మీద అందరూ గోదావరిలోకి పైసలు వేసి దండం పెట్టుకున్నారు. అక్కడిదాకా కిటికీలోంచి కనబడ్డవి నాకు తెలిసినవే. బోడగుట్టలు, గుండ్రాళ్లు ఒకదాని మీద ఒకటి, తాళ్లు, ఈదులు, చెరువు కట్టలు. వంతెన దాటి లక్షెట్టిపేట, జన్నారం పోయేసరికి తాళ్లు పలుచబడి టేకు మొదలైంది. రోడ్డుకు రెండు పక్కలా టేకే. ఆకుల మీద బస్సు దుమ్ము. అక్కడినుంచి ఎక్కుడు, మలుపులు. పైకి చేరినాక దిగి చూస్తే కాళ్లకింద మట్టి నల్లగా ఉంది.

ఆ నలుపు వేరే రాయిది. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కింద దక్కనులో లావా పొరలు పొరలుగా పారి గడ్డకట్టింది. దాని అంచు మన నిర్మల్, ఆదిలాబాద్ దాకా వచ్చి ఆగింది. ఆ రాయి అరిగి అయిన మట్టే రేగడి. ఇవన్నీ తరువాత నేర్చుకున్నాను. ఆ రోజు నాకు తెలిసింది, మొదటి వానకు చెప్పులు ఇరుక్కొని ఊడిరావని. చెల్క మట్టి వాన వెలిసిన గంటకు కాళ్లను వదిలేస్తుంది. రేగడి పిక్కల దాకా పట్టుకొని, ఎండినాక గోకితే పెచ్చులుగా ఊడుతుంది. వాసన కూడా వేరు. చెల్క వాసన గుప్పుమని లేచి వెంటనే పోతుంది. రేగడి వాసన నెమ్మదిగా లేస్తుంది, నెర్రెల్లోంచి, బరువుగా, సాయంత్రం దాకా. కళ్లకు గంతలు కట్టి నిలబెట్టినా రెండింటిలో ఏదో ఇప్పటికీ చెప్పగలను.

*

ఉట్నూరులో మొదటి చలికాలం. పొద్దున లేవకముందే రేకుల మీద టప్, టప్ అని చప్పుడు. "వాన పడ్డదా బాపూ?" అంటే దుప్పటి కప్పుకొని నన్ను వానమాపకం దగ్గరికి తీసుకుపోయి ఖాళీ సీసా చూపించాడు. పడుతున్నది మంచు. మా క్వార్టరు పక్కనున్న పెద్ద టేకుచెట్టు ఆకులు రాత్రంతా పట్టిన మంచును ఒక్కొక్క చుక్కగా రేకుల మీద వదులుతున్నాయి. ఒక్కొక్క ఆకు విస్తరాకంత.

అంత ఇగం మేము ఎరగం. మూడు దుప్పట్లు, వాటి మీద బాపు గొంగడి. బిందెలో నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోయేవి. పొద్దెక్కేదాకా వాకిలి వాకిలికీ నెగడు, చుట్టూ జనం. ఇప్పటికీ చలికాలం వార్తల్లో గిన్నెదరి, సిర్పూర్(యు) పేర్లు రాగానే నా చేతులు వాటంతటవే ఒళ్లోకి వచ్చేస్తాయి. ఎత్తయిన నేల, మబ్బు లేని ఆకాశం, ఉత్తరం నుంచి వచ్చే పొడిగాలికి అడ్డం లేదు. పగలు పట్టిన వేడంతా రాత్రికి రాత్రే పైకి పోతుంది. మా వరంగల్ బండలు అట్లా కాదు, వేడిని దాచుకుంటాయి. ఎండాకాలం రాత్రి పదింటికి కూడా గోవిందరాజుల గుట్ట పక్కనుంచి నడిస్తే మొహానికి సెగ తగులుతుంది. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయన్న సామెతకు మా వైపు రుజువు అక్కర్లేదు. ఉట్నూరులోనూ పగటి ఎండ తక్కువేం కాదు, కానీ తెల్లవారుజామున దుప్పటి కావాలనిపించేది.

ఆ తెల్లవారుజాముల్లోనే ఇప్పపూలు రాలేవి. చెట్టు కింద ఊడ్చి ఉంచిన నేల మీద లేతపసుపు ముద్దలు. గోండు ఆడవాళ్లు, పిల్లలు చీకట్లోనే గుల్లలు పట్టుకొని వచ్చేవారు. మాటలు తక్కువ, పూలు ఏరే చప్పుడే. ఆ తీపి వాసనకు నాకు మొదట కడుపులో తిప్పేది. రెండో ఏడుకు అది లేకుంటే ఎండాకాలం వచ్చినట్టే అనిపించేది కాదు.

*

వాన లెక్కల్లో ఉట్నూరే పెద్దది. పరకాల వైపు ఏడాదికి దాదాపు 1,000 మిల్లీమీటర్లు పడితే ఇక్కడ అంతకు మించి పడేది. బంగాళాఖాతంలో లేచిన వాయుగుండాలు ఛత్తీస్‌గఢ్ మీదుగా విదర్భ వైపు నడుస్తూ పోతాయి, దారిలో ఉన్నది ఆదిలాబాద్. పైగా గుట్టలు మబ్బును ఎత్తి పడతాయి. ఆషాఢం, శ్రావణం వచ్చాయంటే వాగులు పొంగి రోడ్డు తెగేది. ఉత్తరాల సంచి వచ్చేది కాదు, ఉప్పు దొరికేది కాదు. కడెం వాగు మీద కుంతాల జలపాతం చప్పుడు చెట్ల వెనక నుంచి విన్న రోజు, మా ఊరి మత్తడి చప్పుడు దాని ముందు ఎంత చిన్నదో అనిపించి ఏదోలా అయింది.

మాఘం దాటేసరికి అదే ఊళ్లలో ఆడవాళ్లు వాగు ఇసుకలో చెలిమెలు తోడుకొని చిప్పలతో నీళ్లు ముంచుకునేవారు. అంత వాన పడ్డ చోట! బాపుకు ఇది మింగుడు పడలేదు. ఒకసారి గూడెం పెద్దమనిషి ఒకాయన ఆఫీసుకు వచ్చి, "రామ్ రామ్ సారు" అని కూర్చున్నాడు. బాపు గ్లాసు చూపించి ఇన్ని మిల్లీమీటర్లు అని చెప్తే ఓపిగ్గా విని అన్నాడట: "నీ గిలాసల వాన నిలవడ్తది సారు. మా గుట్ట మీద నిలవడదు." బాపు ఆ మాటను నోటుబుక్కులో రాసుకున్నాడు. వాలు నిట్టనిలువు, వాగు పొడుగు తక్కువ, వాన వెలిసిన రెండు గంటల్లో నీళ్లు కడెంలోకి, అక్కడినుంచి గోదావరిలోకి.

కొన్నాళ్లు నేను కూడా మా వైపే గొప్ప అనుకున్నాను. మేం నీళ్లను ఆపుకుంటాం, వీళ్లు పోనిస్తారు అని. ఆ మాట తప్పని జైనథ్‌లో తెలిసింది. పెన్‌గంగ దగ్గరి ఊళ్లలో బాపుకు పని పడి సంక్రాంతి సెలవుల్లో నన్నూ తీసుకుపోయాడు. వానలు ఆగి మూడు నెలలైంది, చుట్టూ చెరువు లేదు, బావికి మోట లేదు, చేలల్లో నా తలకు మించిన జొన్న పచ్చగా నిలబడి ఉంది. నీళ్లెవరు పెట్టారు అంటే రైతు నవ్వి, కంకి పక్కన గడ్డపార దించాడు. పైన బెత్తెడు పొడిమట్టి, కింద నల్లగా తడి. చేత్తో పిసికితే ముద్ద అయింది. వానాకాలమంతా ఉబ్బి తాగిన నీళ్లను రేగడి అట్లాగే పట్టుకొని, యాసంగి జొన్నకు కొంచెం కొంచెం ఇస్తూ ఉంటుంది. మా చెరువు ఊరి ఎగువన ఉంటే వీళ్ల చెరువు చేను అడుగునే ఉంది. బాపు ఆ ముద్దను చాలాసేపు చేతిలో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయనను అంత సంతోషంగా నేను ఆఫీసు పనిలో ఎన్నడూ చూడలేదు.

ఆ ఇంట్లో జొన్నరొట్టె, వెల్లుల్లి కారం పెట్టారు. మా నాయనమ్మ పోసే మక్క గటకా మజ్జిగా గుర్తొచ్చి కూడా ఇంకో రొట్టె అడిగి తిన్నాను.

*

బతుకమ్మ పండుగకు ఉట్నూరులో అమ్మ గునుగు, తంగేడు వెతికించి చిన్న బతుకమ్మను పేర్చింది. మా నాయనమ్మ ఊళ్లో అయితే సద్దుల నాడు చెరువు నిండుగా ఉంటుంది. నీళ్లలో విడిచిన బతుకమ్మలు ఒడ్డునే మెల్లగా తిరుగుతూ, ఒకదానికొకటి తగులుతూ, చీకటి పడినా కనబడుతుంటాయి. తెల్లారి పోయి చూసినా అక్కడే ఉంటాయి, పూలు కొంచెం వాడి.

ఇక్కడ చెరువు లేక అమ్మ వాగులో వదిలింది. చేతులింకా ముందుకు చాపే ఉన్నాయి, బతుకమ్మ ఒక్క ఊపున మలుపు తిరిగిపోయింది. పాట మధ్యలో ఉంది. అమ్మ పాట ఆపలేదు గానీ గొంతు మారింది. ఆ రాత్రి బాపుతో, "కండ్లార సూస్తందుకు కూడ ఆగలే" అంది. రెండో ఏడు నుంచి పక్కింటి మరాఠీ ఆమె వాగు మలుపు అవతల నిలబడి, బతుకమ్మ అక్కడికి రాగానే కేక వేసి చెప్పేది, వచ్చింది, బాగుంది, పోతోంది అని. అమ్మకు మరాఠీ రాదు. ఆ కేక మాత్రం అర్థమయ్యేది.

*

బాపు మంచాన పడ్డ రోజుల్లో 2023 జులై వానలు వచ్చాయి. పొద్దున పేపరు చదివి వినిపిస్తున్నాను. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు. మళ్లీ చదువు అన్నాడు. చదివాను. కళ్లు మూసుకొని పెదవులు కదిలిస్తూ లెక్క వేశాడు. "ముప్పై రెండు గిలాసలు. ముప్పై రెండున్నర." 2013లో వాజేడులో పడ్డ 517.5 కూడా ఆయనకు నోటికే ఉంది. మోరంచపల్లిని వాగు ముంచెత్తిందని, జనం ఇండ్ల పైకప్పులెక్కారని చదువుతుంటే వద్దని చెయ్యి ఊపాడు.

కొంచెంసేపటికి, "మన ఊరి కట్ట?" అన్నాడు. ఫోన్ చేసి కనుక్కున్నాను. మత్తడి పోతున్నది, కట్టకు ఏం కాలేదు. "తూము?" అదీ బాగుంది. తల దిండు మీద వాల్చి, "ఆ వాన కొలిచినోడు సీసా ఎన్నిసార్ల మార్చిండో పాపం, రాత్రంత నిద్రపొయ్యి ఉండడు" అన్నాడు. ఇప్పుడు చాలాచోట్ల యంత్రాలే కొలిచి పంపుతాయని నేను చెప్పలేదు.

*

మొన్నటి వాన పడ్డ తెల్లారి 8:30కి గ్లాసు తీసుకొని వాకిట్లో నిలబడ్డాను. గరాటు లేదు, సీసా లేదు, అంచు పెచ్చు లేచిన గ్లాసు వట్టిగా వానలో పెడితే వచ్చే అంకెకు అర్థం లేదు. బాపు అయితే ఒప్పుకోడు. కిటికీలో పెట్టేసి బస్సెక్కి ఊరికి పోయాను.

మా చెల్క ఇప్పుడు వరుసకు కాక కొడుకు చేస్తున్నాడు. కొన్నేళ్లుగా అందులోనూ పత్తే. ఆదిలాబాద్ రేగడిలో చూసిన పంట మా ఎర్రమట్టిలో కనబడితే నాకు ఇంకా కొత్తగానే ఉంటుంది. ఈ నేల దానంత సేపు తడి పట్టి ఉంచదు, పది రోజులు వాన తప్పితే మొక్క తల వేలాడేస్తుంది. వాడికీ తెలుసు.

"ఎంత పడ్డది తమ్మీ?" అన్నాను.

వాడు జవాబు చెప్పకుండా గడ్డపార తెచ్చి చేను నడుమ దించాడు. మట్టి తీసి పక్కన పోశాడు. నేను మోకాళ్ల మీద కూర్చొని గుంటలోకి చెయ్యి పెట్టాను. బొటనవేలు పైన అంచుకు, చిటికెనవేలు కిందికి. తడి నా జానకు ఇంకా రెండు వేళ్లు తక్కువే ఉంది.

"ఇంకో వాన పడనియ్ అక్కా," అన్నాడు, "అప్పుడు పెడ్తం."